పుట్టుక తీసేసిన మాట

మాస్టారు పోయిన మూడోరోజు పొద్దున, ఆయన దొర్లిపడ్డ మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. పళ్ళ డాక్టరు సూది పొడిచాక దవడ మనది కాదన్నట్టు ఉంటుందే, నాకు ఒళ్ళంతా అలాగే ఉంది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. కింద ఇనుప మెట్టు చల్లగా తగులుతోందనీ, కనుబొమల మధ్య పాత నొప్పి మొదలైందనీ మాత్రం తెలుస్తోంది.

అవి మెలికల మెట్లు. నడిమి స్తంభాన్ని చుట్టుకుంటూ ప్రెస్సులో మిషన్ల హాలు నుంచి పై అంతస్తుకి పోతాయి. పైన రెండే గదులు, ఎదురెదురుగా, మధ్యన సన్నటి వసారా. ఒకటి ప్రెస్సు యజమానిది. రెండోది మాస్టారిది. కాలేజీ ఉద్యోగం చాలించాక ఆయన ఆ గదిలోనే కూర్చుని, ఇంగ్లీషు మాటలకి మన మాటల్లో అర్థం చెప్పే పెద్ద నిఘంటువు రాశారు. అంతకుముందు కాలేజీలో నాకూ పాఠం చెప్పారు.

మొన్న సాయంత్రం మిషన్లు ఆపి పనివాళ్ళు వెళ్ళిపోయాక, మాస్టారు పై మెట్టు మీంచి కింద దాకా దొర్లారు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన అమ్మగారు గేటు దగ్గరుండగా చప్పుడు విన్నారు. పరుగున వచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నారు. అంబులెన్సు వచ్చేలోపే ఆయన పోయారు. పోయేముందు ఒకే ఒక్క మాట అన్నారు.

"సిన్యువస్."

ఆ ఒక్క మాట మీద ఒక మనిషి లాకప్పులో పడ్డాడు.

"ఏరా బురదా, మెట్లకి కాపలానా?"

ఇన్‌స్పెక్టరు. మాస్టారి క్లాసులో నా తోటివాడే. నేను పొలం గట్ల మీంచి నడిచి కాలేజీకి వచ్చేవాణ్ణి గనక 'బురద'నయ్యాను. వాడు ముందు బల్ల వదలకుండా పుస్తకం మొత్తం అప్పజెప్పేవాడు గనక 'ఫస్ట్ బెంచి' అయ్యాడు. ఇప్పుడు వాడికి జీపు ఉంది. నాకు ప్రైవేటు డిటెక్టివ్ అని రాసున్న బోర్డు ఉంది.

"కాపలా నీ ఉద్యోగంరా. నేను ఊరికే కూర్చున్నా."

"అయితే లేచి పక్కకి జరుగు. మావాడు ఎక్కి చూపిస్తాడు, ఎక్కణ్ణుంచి తోశాడో."

వాడి వెనక కానిస్టేబులు ప్రూఫ్‌రీడర్ని పట్టుకొచ్చాడు. కుడికాలు చిన్నప్పుడే చచ్చుబడిన మనిషి. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు ఊగుతూ నడుస్తాడు. అందుకని ప్రెస్సులో అందరూ 'మెలికలాయన' అంటారు. పిలిపించుకుని పిలిపించుకుని అతను కూడా ఫోనులో "నేను మెలికలాయన్నండీ" అనడం మొదలుపెట్టాడని మాస్టారే ఒకసారి చెప్పి నవ్వారు.

నన్ను చూడగానే అతను కేసు సంగతి ఎత్తలేదు.

"సార్, అమ్మగారికి బీపీ మాత్రలు ఎవరు తెస్తున్నారు? మొన్నటితో అయిపోయుంటాయి. నేను తెద్దామనుకున్నా, ఇంతలోనే..."

"నేను తెచ్చాను."

"నీలం అట్టవేనా? తెల్ల అట్టవి పడవు సార్ ఆవిడకి."

"ఎక్కవయ్యా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను ఎక్కాడు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, మంచికాలు ముందు వేసి, చచ్చుకాలు పైకి ఈడ్చుకుంటూ, బావిలోంచి చేద లాగినట్టు తనని తాను పైకి లాక్కున్నాడు. దిగేటప్పుడు పసిపిల్లాడిలా వెనక్కి తిరిగి, మెట్టు మెట్టునీ కాలితో తడుముకుంటూ దిగాడు. దిగి చెమట తుడుచుకున్నాడు. అంతసేపట్లో నేను సిగరెట్టు ముట్టించి సగం కాల్చాను.

"ఒరేయ్, చప్పుడు వినగానే అమ్మగారు గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు. వచ్చేసరికి ఇతను కింద, మాస్టారి పక్కన ఉన్నాడు. పైన తోసినవాడైతే ఆ కాస్త వ్యవధిలో కిందకెలా దిగుతాడు?"

"భయం పట్టుకుంటే కుంటి గుర్రమూ దౌడు తీస్తుందిరా. ఇదంతా నటన."

"నేను పైకెక్కి ఏడాది దాటింది సార్" అన్నాడు మెలికలాయన నెమ్మదిగా. "నాకేమన్నా కావాలంటే మాస్టారే కిందకి వచ్చేవారు. మొన్న కింద వెనక గదిలో ప్రూఫులు చూసుకుంటూ, చప్పుడు వినే వచ్చాను."

ఇన్‌స్పెక్టరు వినలేదు. చంకలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. మాస్టారి నిఘంటువే, రేపోమాపో బజారుకి రాబోయే కొత్త ముద్రణ. ముందే గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి, క్లాసులో లేచి నిలబడ్డట్టే నిలబడి చదివాడు.

"సిన్యువస్. విశేషణం. మెలికలు తిరిగిన, వంపులు పోయే, పాము నడక వంటి. విన్నావా? ఈ ఆఫీసులో మెలికలాయన ఎవరు? చచ్చిపోతున్న మనిషి తన సొంత డిక్షనరీలో మాటతో హంతకుడి పేరు చెప్పాడురా. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"పేరు చెప్పాలనుకుంటే 'మెలికలాయన' అనే అనొచ్చుగా? పోయేముందు ఇంగ్లీషులోకి అనువాదం దేనికి?"

"మాస్టారు కదరా! నిద్రలో కలవరించినా ఇంగ్లీషే."

"అమ్మగారితో ఏనాడూ ఇంగ్లీషు మాట్లాడలేదు ఆయన."

"నీతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!"

అప్పుడే పైనుంచి చెప్పుల చప్పుడైంది. యజమాని వసారా చివర నిలబడి ఉన్నాడు. తలకి, చెవులు మూసుకుపోయేలా, బూడిదరంగు మఫ్లరు. ఇన్‌స్పెక్టరు నోటివైపే చూస్తూ ఆ మఫ్లరు కాస్త ముందుకి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. భుజాలైతే నాకూ తట్టేదేమో. మఫ్లరు గనక తట్టలేదు.

యజమాని గదిలో కుర్చీ మెత్తగా ఉంది. టీ తెప్పిస్తానన్నాడు గానీ తెచ్చే మనిషి లేడు. మాస్టారు పోయారని ప్రెస్సుకి ఆ వారం సెలవిచ్చాడు. ఇన్‌స్పెక్టరు తలుపుకి ఆనుకుని, నేను ఏం అడుగుతానో చూద్దామన్నట్టు నిలబడ్డాడు.

"చలేస్తోందాండీ?" అన్నాను.

"మెడ పట్టేసింది. పడకలో అటూ ఇటూ అయ్యుంటుంది."

"మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇక్కడే, తలుపేసుకుని."

"ఏం విన్నారు?"

"అదంతా ఇన్‌స్పెక్టరు గారికి చెప్పానే! మెలికలాడూ మాస్టారూ వసారాలో పోట్లాడుకున్నారు. 'నా పుట్టుకలు తీసెయ్యడానికి నువ్వెవడివిరా' అని మాస్టారు అరిచారు. వీడేమో 'చెప్పిన పని చేశాను' అన్నాడు. తర్వాత దబదబమని చప్పుడు. నేను బయటికొచ్చి దిగి చూసేసరికి అమ్మగారు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. వీడు పక్కనున్నాడు."

"పుట్టుకలా?"

"మాటల పుట్టుకలండీ. ప్రతి మాటకీ అది ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పెరిగిందని ఇంత పొడుగు రాశారు ఆయన. పుస్తకం దిండంత తయారైంది. దిండు కావాలంటే దూదిది కొనుక్కుంటారు గానీ కాగితంది ఎందుకు? అర్థం ఉంటే చాలు, పుట్టుకలు కొట్టెయ్యమన్నాను."

"కొట్టెయ్యమంది మీరు. మాస్టారు కోప్పడింది మెలికలాయన మీదా?"

"కొట్టేసింది వాడి చెయ్యి కదా."

అతను నా ముఖంలోకే చూస్తున్నాడు. కళ్ళలోకి కాదు, మీసాలకి మెతుకేదో అంటుకున్నట్టు నోటిమీదే చూపు. నాకే మొహమాటం వేసి మూతి తుడుచుకున్నాను. లేచి కిటికీ దగ్గరకెళ్ళి, వీధిలోకి చూస్తూ అడిగాను.

"ఈ తలుపు టేకుదాండీ? దిట్టంగా ఉంది."

జవాబు లేదు. వెనక్కి తిరిగాను. బల్ల మీద, కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు బరువుని తిప్పుకుంటున్నాడు.

"తలుపు సంగతి అడిగానండీ."

"ఆఁ? టేకే, టేకే. ఏదో ఆలోచనలో పడ్డాను."

మనిషి పోయిన చోట ఆలోచన ఎవరికి ఉండదు అనుకున్నాను. మామూలు రోజైతే అంతటితో ఊరుకునేవాణ్ణి కాదు.

"చాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, బయటికొచ్చాక. "కోర్టుకి టైమవుతోంది. ఒరేయ్, మాస్టారంటే నాకూ అభిమానమే. ఆయన చెప్పిన అర్థాలన్నీ ఇప్పటికీ తూచా తప్పకుండా అప్పజెబుతాను."

"అర్థాలు అప్పజెబుతావు. సరే."

"సరే అంటే?"

"ఏం లేదురా. వెళ్ళు."

వాడు మెట్లు దిగాడు. జీపు తలుపు పడ్డ చప్పుడైంది. ఇవాళ కోర్టు రిమాండుకి పంపితే మెలికలాయన ఎప్పటికి బయటపడతాడో, పడతాడో లేదో. ఆ కాలుతో జైల్లో ఏం నడుస్తాడు? ఈ ఆలోచన వచ్చినా నాలో ఏమీ కదల్లేదు. కదలకపోవడం ఒక్కటే కాస్త భయపెట్టింది.

మాస్టారి గదిలో అమ్మగారు ఉన్నారు. ఆయన వస్తువులు తీసుకెళ్ళమని పొద్దున యజమాని కబురు పెడితే నేనే ఆవిణ్ణి తీసుకొచ్చాను. ఆ గదికి వసారా వైపు గోడ నడుము దాకా చెక్క, ఆపైన అంతా గాజు. బల్ల మీద కళ్ళద్దాల పెట్టె, మరచెంబు, ఒక జత చెప్పులు. ఆవిడ వాటిని ముట్టుకోకుండా ముందు పెట్టుకుని కూర్చున్నారు. మొన్న కప్పుకున్న ముదురాకుపచ్చ ఉన్ని శాలువే ఇంకా భుజాల మీద ఉంది. అంచున నల్లబడ్డ మరక ఎవరిదో అడగక్కర్లేదు.

"శాలువ మార్చుకోలేదేమమ్మా?"

"మార్చుకోవాలని తోచలేదు నాయనా. స్నానం చెయ్యాలనీ తోచలేదు. ఆయన ఇంకా ఆస్పత్రి ఐసు పెట్టెలోనే ఉన్నారు కదా. ఎవరో పోయారట, ఎవరో ఏడవాలిట, ఆ మనిషి ఇంకా రాలేదు అన్నట్టుంది." గుమ్మం వైపు చూశారు. "మెలికలబ్బాయిని తీసుకెళ్ళిపోయారా?"

"తీసుకెళ్ళారు."

"వాడు కాదు. వాడు నాకు తమ్ముడిలాంటివాడు. వాడు గాని అటు నుంచి అటే పోయాడంటే, నేను ఇద్దర్ని పోగొట్టుకున్నట్టు. నిన్ను పిలిచింది అందుకే."

నేను వసారా వైపు ముఖం పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"ఇంకోసారి చెప్పండమ్మా. ఆ మాట అన్నప్పుడు పక్కన ఎవరెవరున్నారు?"

"తమ్ముడు ఇటు. యజమాని ఈయన కాళ్ళ దగ్గర నిలబడి ఈయన ముఖంలోకే చూస్తున్నాడు. ఈయన ఏదో చెప్పబోయి, యజమానిని చూసి ఆగారు. తర్వాత నన్ను చూసి ఆ మాట అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అదే మాట. నా చెయ్యి కోసం తడుముకున్నారు. చెయ్యి దొరకలేదేమో, శాలువ అంచు పట్టుకున్నారు. అంతే." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. "అన్నం తినేటప్పుడు రోజుకో మాట పుట్టుక చెప్పేవారు నాయనా. ఊఁ, ఊఁ అనేదాన్ని గానీ ఒక్కటీ వినలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకునేదాన్ని. ఆ శిక్షేనేమో, అప్పట్నుంచీ చెవిలో ఒకటే కీచురాయి."

"కీచురాయా?"

"సన్నగా, కుయ్ మని. ఇలా మునగదీసుకు పడుకుంటే మరీ ఎక్కువ. పిచ్చెక్కుతోందనుకున్నా. ఇవాళ తెల్లారేసరికి ఆగింది." నా వైపు చూశారు. "అదేమిటి, తల పట్టుకున్నావు?"

"ఏం లేదమ్మా. సైనస్. పాత జబ్బే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి బల్ల మీద పడ్డట్టయింది.

సైనస్. సిన్యువస్.

కాలేజీలో మొదటి ఏడు. మాస్టారు నల్లబల్ల మీద ఆ రెండు మాటలూ పక్కపక్కన రాశారు. "అర్థం పుస్తకంలో దొరుకుతుంది. పుట్టుక అడగండి" అన్నారు. రెండూ ఒక తల్లి బిడ్డలన్నారు. లాటిన్ వాళ్ళు వంపుని 'సైనస్' అనేవారట. నది వంపు అదే, సముద్రం నేలలోకి తోసుకొచ్చిన వంపూ అదే, ముఖం ఎముకల్లో గుంట కూడా అదే. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ళు ఒంటికి చుట్టుకునే పొడుగు బట్ట రొమ్ము దగ్గర ముడుచుకుని జారితే ఆ మడతనీ అలాగే పిలిచేవారు. జేబులు లేని రోజులు గనక విలువైనవి ఆ మడతలోనే వేసుకునేవారు. మెలికలు తిరగడమనే అర్థం ఆ మడతలు చూసే వచ్చింది. "దీనికి మన మాట ఏమిటి?" అని అడిగితే ముందు బల్ల మొత్తం పుస్తకాలు తిరగేసింది. నేను వెనక నుంచి, "మా అమ్మ చేలో వేరుశనక్కాయలు ఏరి ఒళ్ళో వేసుకుంటుంది సార్, అదేనాండీ?" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఫస్ట్ బెంచి అందరికంటే గట్టిగా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశారు.

'ఒడి.'

ఇన్‌స్పెక్టరు చదివిన కొత్త పుస్తకంలో అర్థం ఉంది. పుట్టుక యజమాని కొట్టేయించాడు.

"అమ్మా, ఆయన పట్టుకున్న అంచు ఏది?"

ఆవిడ చూపించారు. శాలువ రెండు పొరల ఉన్ని. అంచున ఒకచోట కుట్టు ఊడి వేలు దూరేంత సందు ఉంది.

"కుట్టు వెయ్యవే అని నెలనుంచీ పోరుతున్నారు. ఇవాళ వేస్తా, రేపు వేస్తా అని..."

వేలు పెట్టాను. లోపల, మడత మూలలో, చిన్నది, నున్నటిది తగిలింది. బయటికి తీశాను. చిక్కుడు గింజంత ఉంది, ఒంటి రంగులో. దానికి తోకలా, తెగిపోయిన గాజులాంటి సన్నటి తీగ. మా నాన్నకి కొనిచ్చాను గనక అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెవిలో పెట్టుకునే మిషను. చెవిలోంచి ఊడి మడతల్లో పడితే దాని గొంతు దానికే వినబడి కుయ్ మంటుంది, బ్యాటరీ చచ్చేదాకా. ఆవిడ చెవికి ఏమీ రాలేదు. ఆయన అప్పగించింది ఒళ్ళోంచి పిలుస్తూనే ఉంది, రెండు రోజులు.

"ఇదెవరిది నాయనా? ఈయనకి చెవులు బాగానే వినబడేవే!"

ఒక్కొక్కటీ నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. మఫ్లరు. నోటిమీద చూపు. వీపు తిప్పి అడిగితే రాని జవాబు. చెవిలో మిషను లేని మనిషి టేకు తలుపు వెనక నుంచి పోట్లాట మాట మాటా వినలేడు. మిషను ఉండి విన్నాడంటే, ఇవాళ అది అతని చెవిలోనే ఉండాలి. అసలు పోట్లాట అతనితోనే జరిగింది. పెనుగులాటలో మాస్టారి చెయ్యి అతని చెవిమీద పడి, మిషను ఆయన పిడికిట్లోకి ఊడొచ్చింది. అందుకే చివర్లో ఆయన 'ఒడి' అనలేదు. పెదవులు చూసి మాట పట్టే మనిషి కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి పట్టుబడని మాట కావాలి. అతను పుస్తకంలోంచి కొట్టేయించిన పుట్టుకని మించిన దాపు ఏముంది?

"యజమానిది" అన్నాను. "మాస్టారిని తోసింది అతనే. ఇది తీసుకుని కోర్టుకి..."

అలా అంటూనే తలెత్తాను.

గాజు అవతల వసారాలో యజమాని నిలబడి ఉన్నాడు. ఎంతసేపైందో తెలియదు. మఫ్లరు మెడ మీదకి జారింది. కుడి చెవి తమ్మె మీద గోటి గీరు ఎర్రగా చెక్కు కట్టి ఉంది. అతని కళ్ళు నా కళ్ళ మీద లేవు. నా పెదవుల మీద ఉన్నాయి.

నోరు మూశాను. ఆలస్యమైంది.

అతను తొందరపడలేదు. గోడకున్న స్విచ్చుబోర్డు మీద పెద్ద మీటని కిందకి లాగాడు. కింది హాల్లో అచ్చు మిషను, కాగితం లేకుండా, మనిషి లేకుండా, తిరగడం మొదలెట్టింది. నేల అదిరింది. గాజులు గలగలలాడాయి. ఇక మేం అరిచినా వీధిలోకి వినపడదు. మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి కూడా వినపడదు. ఇప్పుడు ముగ్గురమూ సమానంగా చెవిటివాళ్ళం. అందులో అనుభవం ఉన్నవాడు ఒక్కడే.

అతను వసారా దాటి వచ్చాడు. ఇందాక బల్ల మీద తిప్పుకున్న గాజు బరువు పిడికిట్లో ఉంది. కిందకి పోయే దారి ఒక్కటే, అతని వీపు వెనక, ఆ మెలికల మెట్లు.

అప్పుడు అమ్మగారు నా అరచేతిలోంచి ఆ గింజని తీసుకున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడ ముఖం కదిలింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. గింజని శాలువ మడతలో వేసుకున్నారు. అంచుని నడుము చుట్టూ తిప్పి బిగించి ముడి వేశారు. బల్ల మీది ఇత్తడి మరచెంబు కుడిచేత్తో అందుకుని లేచి నిలబడ్డారు.

తలుపు పిడి తిరిగింది.